లేత చెట్టుకు తొలి వేసవి: ఉష్ణమండల అరణ్యాలలో నీటి లభ్యతపై ఒక పరిశీలన

ప్రతి సంవత్సరం జూలై మాసంలో మన కళాశాల ఆవరణలో వనమహోత్సవం జరుగుతుంది. కమిటీ పెద్దలు మొక్కలు నాటుతారు, విద్యార్థులు చెంబులతో నీరు పోస్తారు, ఫొటో తీయిస్తారు. ఆ ఫొటో ఈ సంచికలోనే మరొక పుటలో అచ్చయి ఉండవచ్చు. తరువాతి వేసవిలో, చివరి పరీక్ష వ్రాసి బయటకు వచ్చినవారు అదే చోటును చూస్తే వరుసగా గుంటలు, గుంటల చుట్టూ ముళ్లకంప, నడుమ ఒక్కొక్క ఎండుపుల్ల కనిపిస్తాయి. బ్రతికిన మొక్కలను వేళ్లమీద లెక్కించవచ్చు. ఇందుకు మేము చాలాకాలం మేకలను నిందించాము. ఆ తరువాత మాలీని నిందించాము. అటుపైన కుళాయిని నిందించాము. నింద వేయడానికి ఇక ఎవరూ మిగలని దశలో మాకు ఒక సందేహం కలిగింది. మన పట్టణం నుండి బస్సులో కొన్ని గంటలు ప్రయాణిస్తే నల్లమల అడవి వస్తుంది. అక్కడ మేకలకు బదులు దుప్పులు, అడవిపందులు ఉన్నాయి. మాలీ లేడు, కుళాయి లేదు. ఎండ మన ఊరికంటె తక్కువేమీ కాదు. అయినప్పటికి అక్కడ చెట్లు పుడుతున్నాయి, పెరుగుతున్నాయి. ఆ లేత చెట్లు తమ తొలి వేసవిని ఏ విధంగా దాటుతున్నాయి? ఈ వ్యాసంలో మేము పరిశీలింపదలచినది ఈ ఒక్క ప్రశ్ననే.

ఉష్ణమండల అరణ్యం అనగానే మన విద్యార్థుల మనస్సులో అమెజాన్ బొమ్మ మెదలుతుంది: ఏడాది పొడవునా వాన, ఆకాశం కనిపించని ఆకుకప్పు, మ్రానుల నిండా నాచు. పాఠ్యపుస్తకాలు కూడ ఈ అభిప్రాయాన్ని కొంత పెంచి పోషించినవే. కాని కర్కట, మకర రేఖల నడుమ ఉన్న అడవులలో చాలా భాగం సంవత్సరంలో కొన్ని నెలలపాటు నీటికి మొగం వాచి ఉండేవే. మన దేశపు అడవులను వర్గీకరిస్తూ చాంపియన్, సేథ్ అనే అటవీశాస్త్రజ్ఞులు 1968లో ప్రకటించిన గ్రంథంలో దక్షిణ ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవులు అనే తరగతి ఒకటి ఉన్నది. కృష్ణానదికి ఇరుపక్కల, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలోను విస్తరించిన నల్లమల అడవిలో అధికభాగం ఈ తరగతికి చెందినదే. ఇక్కడి వాన ఎక్కువగా జూన్ నుండి అక్టోబరు వరకు గల ఐదు నెలలలో కురుస్తుంది. నవంబరులో తుపానుల మూలంగా ఒకటి రెండు వానలు పడవచ్చు. తరువాత మే చివరి వరకు, అరుదుగా పడే వేసవి జల్లులు తప్ప, ఆకాశం పొడిగానే ఉంటుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. సంవత్సరానికి ఎన్ని మిల్లీమీటర్ల వాన కురిసిందన్న లెక్క చెరువుకు, రైతుకు, ప్రభుత్వానికి పనికివస్తుంది. మొలకకు ఆ లెక్కతో పని లేదు. దానికి కావలసిన లెక్క వేరు: రెండు వానల నడుమ ఎన్నాళ్లు గడిచాయి, ఆ నాళ్లలో నేల ఎంత లోతు వరకు ఆరింది, తన వేరు అప్పటికి ఎంత లోతు చేరింది. నూరేళ్ల మద్దిచెట్టుకు పదిరోజుల ఎండ లెక్కలోనిది కాదు. వారం క్రితం మొలచిన మొక్కకు శ్రావణమాసపు పదిరోజుల వరపు ప్రాణాంతకం కావచ్చు. అందువలన ఒకే అడవిలో, ఒకే వాన క్రింద, తల్లిచెట్టు పచ్చగా నిలిచి ఉండగా దాని పిల్లలన్నీ ఎండిపోవడం జరుగుతుంది. తల్లికి నీరున్నది, పిల్లకు లేదు. రెండింటికి నడుమ ఉన్నది రెండు మూడు గజాల మన్ను మాత్రమే.

ఈ ప్రమాదాన్ని అడవి చెట్లు విత్తనం దశనుండే ఎదుర్కొంటాయి. ఇప్పచెట్టు కాయలు వర్షాలు మొదలయ్యే రోజులలో పండి రాలుతాయి. నూనె నిండిన ఆ గింజ ఎక్కువ కాలం నిలువ ఉండదు. పడిన కొద్దిరోజులలో మొలచిందా మొలచినట్లు, లేకున్న చెడిపోయినట్లు. వానాకాలం మొత్తాన్ని వేరు దించుకొనడానికి వాడుకొనే చెట్టు ఇది. టేకు పద్ధతి దీనికి విరుద్ధం. దాని గింజకు గట్టి పెంకు ఉంటుంది. ఆ పెంకు పలుమార్లు తడిసి, ఆరి, మరల తడిస్తేగాని మొలక రాదు. కొన్ని గింజలు రెండవ వర్షాకాలం వరకు నేలలోనే వేచి ఉంటాయి. రోహిణి కార్తెలో పడే ఒక తుంటరి జల్లును నమ్మి మొలచిన గింజ మృగశిర వచ్చేలోపల మాడిపోతుంది గనుక ఈ ఆలస్యం టేకుకు లాభమే. మృగశిరను మన పట్టణంలో దక్కనీ మాట్లాడే కుటుంబాలవారు మిరగ్ అంటారు. పేరు ఏదైనా ఆ వానను నమ్మే విత్తు ఆనాడు రైతు చేతిలోను ఉన్నది, అడవి నేలలోను ఉన్నది.

గింజ పరిమాణం కూడ ఇక్కడ ముఖ్యమే. ఆవగింజంత విత్తనం నుండి వచ్చిన మొలకకు వెంట తెచ్చుకొన్న ఆహారం ఏమీ ఉండదు. పుట్టిన నాటినుండి తన ఆకు సంపాదించినదే తినాలి. దాని వేరు నూలుపోగువలె నేల పైపొరలోనే తిరుగుతుంది. పెద్ద గింజకు పుట్టింటి సొమ్ము ఉంటుంది. ఆ సొమ్మును అది మొట్టమొదట ఆకుపై ఖర్చు చేయదు, వేరుపై ఖర్చు చేస్తుంది. రాయలసీమ రాతినేలలలో పెరిగే నారేపచెట్టు ఇందుకు చక్కని ఉదాహరణ. పైన నాలుగు ఆకులు వేసే నాటికే దాని తల్లివేరు క్రింద అందుకు అనేక రెట్లు పొడవు దిగి ఉంటుంది. చూచేవారికి అది బలహీనమైన మొక్కగా తోస్తుంది. నిజానికి ఆ మొక్క అప్పటికి చేయవలసిన పనిలో ముఖ్యమైన భాగం చేసి ముగించింది.

ఇది ఒక పరుగుపందెం వంటిది. వానలు ఆగిన నాటినుండి నేల పైనుండి క్రిందికి ఆరుతూ వస్తుంది. పైపొరను ఎండ, గాలి ఆరబెడితే, ఆ క్రింది పొరను గడ్డివేళ్లు ఆరబెడతాయి. మొక్కవేరు ఈ ఎండుదల కంటె ఒక జానెడు ముందు ఉన్నంతకాలం బ్రతుకుతుంది, వెనుకబడిన రోజున ఎండుతుంది. నల్లమల కొండలు చాలాచోట్ల క్వార్ట్‌జైట్, షేల్ రాళ్లతో ఏర్పడినవి. మన్ను పలుచన. అక్కడ బ్రతికిన మొక్కలను గమనిస్తే కొన్ని సరిగ్గా రాతిపగులుపై నిలిచి ఉండడం కనిపిస్తుంది. పగులులోనికి దిగిన వానినీరు ఎండకు అందదు. ఒక గింజ రాతిమీద పడి మరొక గింజ మూడంగుళాల దూరంలో పగులులో పడితే, వాటి భవిష్యత్తు అక్కడే నిర్ణయమైపోయింది.

నేలలో నీరు ఉండడం వేరు, అది మొక్కకు దక్కడం వేరు. ఇసుకనేల కొద్ది నీటినే నిలుపుకొంటుంది గాని, ఉన్న నీటిని సులభంగా ఇస్తుంది. నల్లరేగడి చాలా నీటిని నిలుపుకొంటుంది, కాని ఎండుతున్నకొద్ది దానిని లోభివలె బిగించి పట్టుకొంటుంది. వేరు ఎంత బలంగా లాగవలసి వస్తుందో వాతావరణ పీడనాలలో కొలుస్తారు. నేల పట్టు సుమారు 15 వాతావరణ పీడనాలకు చేరినప్పుడు సామాన్యమైన పంటమొక్కలు వాడి, తిరిగి తేరుకొనవని వృక్షశరీరధర్మ శాస్త్రంలో చదువుకొంటాము. శుష్కారణ్యపు చెట్లలో అనేకం ఆ హద్దును దాటికూడ నీటిని లాగగలవు. కాని ఆ శక్తి పెరిగిన చెట్టుకు ఉన్నంతగా పసిమొక్కకు ఉండదు.

ఈ లాగుడు ఎట్లా జరుగుతుందో 1894లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వివరించారు. ఆకులలోని పత్రరంధ్రాల నుండి నీరు ఆవిరి అవుతుంటే, దాని వెనుకనున్న నీరు ముందుకు లాగబడుతుంది. నీటి అణువులకు పరస్పర సంసంజన శక్తి ఉన్నందున దారునాళాలలోని నీటిధార తెగని దారంవలె వేరు వరకు సాగుతుంది. సాయంత్రం చేదబావిలో నీరు తోడేవారికి ఈ సంగతి చెప్పనక్కర లేదు: అడుగున నీరు తగ్గుతున్నకొద్ది తాడుమీద బరువు పెరుగుతుంది. మొక్కలోని నీటిదారం కూడ బిగిసి బిగిసి ఒక దశలో తెగుతుంది. తెగినచోట గాలిబుడగ చేరుతుంది. ఆ నాళం ఇక నీరు మోయదు. పెద్దచెట్టులో వేలకొలది నాళాలు ఉంటాయి గనుక కొన్ని చెడినా మిగిలినవి పని నడిపిస్తాయి. మొలకలో ఉన్నవే కొద్ది.

దీనినుండి తప్పించుకొనడానికి మొక్క పత్రరంధ్రాలను మూసుకొంటుంది. అప్పుడు నీరు పోదు. కాని ఆ రంధ్రాల గుండానే బొగ్గుపులుసు వాయువు లోనికి రావలసి ఉన్నందున కిరణజన్య సంయోగక్రియ కూడ ఆగిపోతుంది. తలుపు తెరిస్తే దాహం, మూస్తే ఆకలి. పుట్టి నాలుగు నెలలైన మొక్కకు నిలువ ధాన్యం ఎంత ఉంటుంది? ఎండాకాలంలో లేతమొక్కలు దాహంతో చనిపోతున్నాయా, ఆకలితో చనిపోతున్నాయా అన్న విషయంపై శాస్త్రజ్ఞుల నడుమ దీర్ఘకాలంగా చర్చ సాగుతున్నది. చాలా సందర్భాలలో రెండూ కలిసియే పనిచేస్తాయనుకొనడం సమంజసంగా ఉన్నది.

అయితే మన శుష్కారణ్యాల మొక్కలు ఈ రెండింటికి భిన్నమైన మూడవ మార్గం ఒకటి కనిపెట్టాయి. మా పరిశీలనలో మమ్ములను అన్నిటికంటె ఎక్కువ ఆకర్షించినది ఇదే. కావున దీనిని కొంత వివరంగా చెప్పుకొనడానికి పాఠకుల అనుమతి కోరుతున్నాము.

నల్లమల అంచున ఒక వాగు ఉన్నది. మేము అక్కడికి డిసెంబరులో ఒకసారి, మే మాసంలో ఒకసారి, జూలైలో ఒకసారి వెళ్లాము. డిసెంబరులో వాగు గట్టుపై తునికి, ఏగిస, నల్లమద్ది పిల్లమొక్కలు మోకాలెత్తున గుంపులుగా ఉన్నాయి. కొన్నింటికి రంగుదారాలు కట్టి వచ్చాము. మేలో వెళ్లేసరికి దారాలు ఎండుపుల్లలకు వ్రేలాడుతున్నాయి. ఒక్క ఆకు లేదు. పుల్లను వంచితే పుటుక్కున విరిగింది. మాలో ఒక విద్యార్థి నోటుపుస్తకంలో ‘అన్నీ చనిపోయినవి’ అని వ్రాసి తేది వేశాడు. జూలైలో ఆ దారాలకోసం వెదకితే, చాలాచోట్ల దారం కట్టిన ఎండుపుల్ల ప్రక్కనే, అదే మొదలునుండి, ఎర్రని లేత చిగురుతో కొత్తకొమ్మ లేచి ఉన్నది. నోటుపుస్తకంలోని వాక్యాన్ని ఆ విద్యార్థి కొట్టివేయలేదు. క్రింద మరొక తేది వేసి ‘మరల బ్రతికినవి’ అని వ్రాశాడు. నిజానికి రెండు వాక్యాలూ సరైనవి కావు. అవి చనిపోనూ లేదు, మరల బ్రతకనూ లేదు.

రక్షిత అడవిలో గడ్డపార దించడానికి అనుమతి ఉండదు, ఉండకూడదు కూడ. వాగే మాకు ఆ పని చేసిపెట్టింది. వరద కోసిన గట్టులో ఒక తునికి మొక్క వేరు పైనుండి క్రింది వరకు బయటపడి ఉన్నది. పైన కొమ్మ పెన్సిలంత లావు. నేల క్రింద, మొదలు దగ్గర, అది పిడికిలంత గడ్డగా ఉబ్బి, అక్కడినుండి మనిషి చేయికంటె పొడవుగా తిన్నగా దిగి ఇంకా లోతుకు పోయింది. గడ్డమీద వరుసగా మచ్చలు ఉన్నాయి. ఒక్కొక్క మచ్చ ఒకప్పటి కొమ్మ ఎండి రాలిన చోటు. ఆ మొక్క ఎన్ని వేసవులను ఈ విధంగా దాటిందో మేము కచ్చితంగా చెప్పలేము గాని, మోకాలెత్తు ఉన్నది గదా అని దానిని పసిమొక్క అనుకొనడం పొరపాటని తేలిపోయింది.

అటవీశాస్త్రంలో ఈ ప్రక్రియ కొత్తది కాదు. 1921లో వెలువడిన ట్రూప్ గ్రంథం, మూడు సంపుటాలలో, మన దేశపు చెట్ల పెంపకాన్ని వర్ణిస్తూ పలుజాతుల మొలకలు ఏటేటా ఎండాకాలంలో నేలమట్టం వరకు చచ్చి, వానలకు మరల చిగిర్చే వైనాన్ని పేర్కొన్నది. కొన్ని సంవత్సరాలు ఇట్లా గడుస్తాయి. ప్రతి వర్షాకాలంలోను పైకొమ్మ సంపాదించిన ఆహారంలో అధికభాగం పిండిపదార్థం రూపంలో వేరులో నిలువ చేరుతుంది. ప్రతి వేసవిలోను పైకొమ్మ బలి అవుతుంది. వేరు మాత్రం ప్రతి ఏడు మరికొంత లోతుకు, మరికొంత లావుకు పెరుగుతుంది. ఒక సంవత్సరం అది వేసవిలో కూడ తేమ ఆరని పొరను అందుకొంటుంది. ఆ ఏడు కొమ్మ ఎండదు. అక్కడినుండి చెట్టు పైకి లేస్తుంది, అదీ త్వరగా, చూచేవారు ఆశ్చర్యపడేటంత త్వరగా. అప్పటివరకు అది ఎదగలేదని మనము అనుకొన్న కాలమంతా క్రిందికి ఎదిగిన కాలమే.

డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయంలో పనిచేసిన హోల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1910ల దశకంలో సాలవృక్షపు మొలకలపై చేసిన పరిశోధన ఈ కథకు ఒక విచిత్రమైన మలుపు చేర్చింది. సాల మొలకలు వేసవిలో ఎండుతుంటే సహజంగా అందరు ఎండను నిందిస్తారు. హోల్ వర్షాకాలాన్ని కూడ పరీక్షించాడు. దట్టమైన నీడలో, మందమైన ఆకుచెత్త క్రింద, వానాకాలమంతా నేల తడిసి ముద్దగా ఉంటే మట్టిరేణువుల నడుమ గాలి ఉండదు. గాలి లేనిచోట వేరు ఊపిరాడక కుళ్లుతుంది, లేక పైపైనే నిలిచిపోతుంది. అటువంటి మొక్క వేసవి ప్రవేశించేసరికి ఆయుధం లేని సిపాయి. చంపినది ఎండే కావచ్చు. అందుకు దారి తీసినది అంతకుముందు ఎక్కువైన నీరు. మన కళాశాల గుంటలలో ప్రతిదినం మడుగు కట్టే చెంబుడు నీటిని తలచుకొని ఈ భాగాన్ని మేము రెండుసార్లు చదువుకొన్నాము.

నీటిలేమి ప్రభావం మనవంటి ఎండ ప్రాంతాలకే పరిమితమా అని పాఠకులు అడుగవచ్చు. దీనికి సమాధానం కావాలంటే మనకంటె మూడు రెట్లు వాన కురిసే అడవిని చూడవలసి ఉంటుంది. మధ్య అమెరికాలోని పనామా కాలువకోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు గాటున్ అనే పెద్ద సరస్సు ఏర్పడింది. మునగక మిగిలిన ఒక కొండ బార్రో కొలరాడో ద్వీపమైంది. అక్కడ ఏటా సుమారు 2,600 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. 1980ల తొలి సంవత్సరాలలో హబెల్, ఫాస్టర్ అనే శాస్త్రజ్ఞులు ఆ ద్వీపంలో 50 హెక్టార్ల అడవిని గుర్తించి, ఒక సెంటీమీటరు లావున్న ప్రతి కాండాన్ని లెక్కవేయించారు. 2 లక్షలకు పైగా కాండాలు, సుమారు 300 జాతులు తేలాయి. లెక్క ముగిసే రోజులలోనే, 1983లో, ఎల్‌నినో మూలంగా అసాధారణమైన ఎండాకాలం వచ్చింది. తరువాతి లెక్కలలో మరణాల సంఖ్య పెరిగినట్లు, తేమనేలను కోరే జాతులు తగ్గుముఖం పట్టినట్లు వెల్లడి అయింది. అంతటి వానగల అడవికి కూడ కొద్దివారాల అదనపు ఎండ భారమైంది.

ఆ దేశంలోనే జరిగిన మరొక పరిశోధన మన విషయానికి మరింత దగ్గరిది. పనామా భూసంధికి ఒకవైపు పసిఫిక్, మరొకవైపు కరీబియన్ సముద్రం. నడుమ దూరం సుమారు 60 కిలోమీటర్లు. కాని పసిఫిక్ వైపు వాన తక్కువ, ఎండాకాలం దీర్ఘం. కరీబియన్ వైపు వాన ఎక్కువ, ఎండాకాలం హ్రస్వం. రెండువైపుల అడవులలో చెట్లజాతులు చాలావరకు వేరు. ఎందువలన? ఎంగెల్‌బ్రెక్ట్, ఆమె సహచరులు 48 జాతుల మొలకలను తీసుకొని, కొన్నింటికి నీరందిస్తూ, కొన్నింటిని నీరు లేకుండ ఉంచి, ఏ జాతి ఎంతవరకు తట్టుకొంటుందో కొలిచారు. తరువాత ఆ జాతుల పెద్దచెట్లు భూసంధిలో ఎక్కడెక్కడ పెరుగుతున్నాయో చూచారు. 2007లో ప్రకటితమైన ఫలితం ఇది: ఏ జాతుల మొలకలు దాహానికి ఓర్వలేవో, ఆ జాతుల చెట్లు పసిఫిక్ వైపు అరుదు. అనగా నూరడుగుల చెట్లతో నిండిన అడవి రూపురేఖలను నిర్ణయించడంలో జానెడు మొలకలు ఎండాకాలంలో పడిన పాట్లకు పెద్ద భాగమున్నదన్నమాట. మహావృక్షాల పటం చూచి అరణ్యాన్ని అర్థం చేసుకొన్నామనుకొనే మావంటివారికి ఇది కొంత వినయాన్ని నేర్పింది.

మన దేశంలో ఇటువంటి 50 హెక్టార్ల లెక్క తమిళనాడులోని ముదుమలై అడవిలో జరుగుతున్నది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన సుకుమార్, ఆయన సహచరులు 1988లో దానిని ప్రారంభించారు. ముదుమలై కూడ ఆకురాల్చు అడవే. అక్కడ అదే వైశాల్యంలో తేలిన కాండాలు సుమారు 26 వేలు, జాతులు 70కి పైగా. పనామా లెక్కతో పోలిస్తే ఇది ఎంత తక్కువ! ముఖ్యంగా సన్నని కాండాలు, అనగా యువవృక్షాలు, ముదుమలైలో చాలా కొద్ది. నీటిలేమి ఒక్కటే దీనికి కారణం కాదు. ఏనుగులు ఉన్నాయి, కార్చిచ్చు ఉన్నది. కాని కార్చిచ్చు కూడ నీటిలేమికి తోబుట్టువే. ఎండిన గడ్డికి నిప్పు అంటుకొంటే పైకొమ్మలన్నీ మాడుతాయి. క్రింది గడ్డలు మిగులుతాయి. వేసవిని దాటడానికి మొక్క దాచుకొన్న పిండి నిప్పును దాటడానికి కూడ అక్కరకు వస్తుంది. ఎండ, మంట, మేకనోరు, ఈ మూడింటికి మొక్క చెప్పే జవాబు ఒక్కటే. అయితే ఆ నిలువ అక్షయపాత్ర కాదు. ఏటేటా ఖర్చేగాని జమ లేకపోతే గడ్డ కూడ ఒకనాటికి చస్తుంది.

నీడ విషయం కూడ చెప్పి ముందుకు పోతాము. పెద్దచెట్టు క్రింద మొక్కకు ఎండ తగలదు గనుక అక్కడ తేమ ఎక్కువ ఉంటుందని తోస్తుంది. పైన అది నిజమే. కాని నేల క్రింద పెద్దచెట్టు వేళ్లు మొక్కకంటె ముందే నీటిని త్రాగివేస్తాయి. పైన గొడుగు పట్టిన చేయే క్రింద కంచం లాగుకొంటుంది. గడ్డి అయితే గొడుగు కూడ పట్టదు.

ఇక మన ఆవరణకు వస్తాము. హాస్టలు వెనుక పడమటివైపు సుమారు ఎకరం విస్తీర్ణంలో తుప్పలతో నిండిన బంజరు ఉన్నది. రాబోయే వర్షాకాలానికి ముందు యంత్రంతో దానిని చదును చేయించి, వరుసలు తీసి, నర్సరీ మొక్కలు నాటించాలని కమిటీ పెద్దలు యోచిస్తున్నట్లు తెలిసింది. వారి ఉద్దేశం ఎంతో మంచిది. ఖర్చుకు వెనుకాడని వారి ఔదార్యానికి కృతజ్ఞులము. అయితే గత జూలైలో నల్లమల నుండి తిరిగి వచ్చిన తరువాత మేము ఆ తుప్పలను మరొకసారి పరీక్షించాము. అందులో సీతాఫలంతోపాటు తునికి, మోదుగ, వేప మొదళ్లు అనేకం ఉన్నాయి. మేకలు ఏటా మేస్తున్నాయి, వేసవిలో ఎవరో నిప్పు పెడుతున్నారు, అయినా ప్రతి వానకు అవి లేస్తున్నాయి. ఆ వేళ్లు ఎన్ని సంవత్సరాలుగా నేలలోనికి దిగుతున్నాయో! పైన కనిపించేది తుప్ప. క్రింద ఉన్నది సిద్ధమైన అడవి. యంత్రపు పలుగు ఒక్క పూటలో దానిని పెకలించివేస్తుంది. దాని స్థానంలో మనము నాటబోయే మొక్కకు పాలిథిన్ సంచిలో ఉన్నది జానెడు వేరు, అదికూడ సంచి అడుగున చుట్టచుట్టుకొన్న వేరు. నాలుగు నెలలలో అది ఎంత దిగగలదు?

మా మనవి ఇది. ఆ ఎకరాన్ని దున్నించకుండ చుట్టూ కంచె వేయించి, మూడు సంవత్సరాలు మేకను, నిప్పును రానీయకుండ చూడవలె. ఒక్కొక్క మొదలునుండి లేచే అనేక కొమ్మలలో బలమైన ఒకదానిని ఉంచి మిగిలినవి కోసివేయవలె. కంచె ఖర్చు యంత్రపు బాడుగ, మొక్కల వెల కలిపిన దానికంటె ఎక్కువ కాదని మా అంచనా. లెక్క వేరుగా సమర్పించాము.

మిగిలిన ఆవరణలో నాటే మొక్కల విషయంలో జూలై చివరి ఉత్సవదినం కోసం వేచి ఉండక, నేల జానెడు లోతు తడిసిన మొదటి వానకే నాటడం మేలు. ఉత్సవం ఎప్పుడైనా జరుపుకొనవచ్చు. జారిపోయిన ఆరు వారాల వేరు తిరిగి రాదు. ఎత్తైన మొక్క ఫొటోకు బాగుంటుంది గాని, ఆకు ఎక్కువ వేరు తక్కువ కావడంతో ముందుగా అదే వాడుతుంది. టేకును పెంచే అటవీశాఖవారు ఏడాది మొక్కను తీసి, కొమ్మను దాదాపు పూర్తిగా నరికి, బొటనవ్రేలంత లావు వేరుముక్కను మాత్రమే నాటే పద్ధతిని చాలాకాలంగా పాటిస్తున్నారు. దానిని స్టంపు అంటారు. తునికి మొక్క వేసవిలో తనంతట తాను చేసేదే ఇది, మనిషి కత్తితో చేస్తున్నాడు. చుట్టూ ఒక గజం మేర గడ్డి తీసి, ఎండుటాకు పలుచగా పరచవలె. నీరు దినమూ చెంబుడు కాక, వారం పదిరోజులకు ఒకసారి రెండు బిందెలు, నిదానంగా ఇంకేటట్లు పోయవలె. దినమూ పైన తడిసే నేలలో వేరు క్రిందికి దిగే అవసరమే కలుగదు. మాలీ సెలవు పెట్టిన వారంలో అటువంటి మొక్క పోతుంది. మాలీని నిందించడం మేము ఈ విధంగా మానుకొన్నాము.

హాస్టలు వెనుక, నీళ్లతొట్టికి ఎడమవైపు, ఒక తునికి మొదలు ప్రక్కన వృక్షశాస్త్ర శాఖవారు చిన్న కొయ్య పాతి, దానిపై సున్నంతో 1 అని వ్రాశారు. ఆ వరుసలో 2, 3, 4 అంకెల కొయ్యలు కూడ ఉన్నాయి. ఈ సంచిక మీ చేతికి వచ్చే రోజులలో ప్రతి కొయ్య ప్రక్కన ఒక ఎండుపుల్ల మాత్రమే కనిపిస్తుంది. దయచేసి ఎవరూ దానిని పీకవద్దని విద్యార్థి మిత్రులను కోరుతున్నాము. మృగశిర దాటిన తరువాత మేము మరల అక్కడికి వెళ్లి కొలత తీసుకోవలసి ఉన్నది.